ముందుగా చెప్పకూడని మాట

వాల్స్ నుంచి మాస్ట్రిక్ట్ వెళ్ళే బస్సులో ఎడమవైపు రెండో సీటు ఫీనా రామాకర్స్‌ది. అలాగని ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ, ఇన్నేళ్ళలో ఆ సీట్లో ఇంకెవరైనా కూర్చుంటే డ్రైవరే అద్దంలోంచి వాళ్ళకేసి అదోలా చూసేవాడు. ఇవాళా అక్కడే కూర్చుంది. ఒళ్ళో సంచి, సంచిలో గొడుగు, నోట్లో యోస్ట్ నేర్పిన మూడు ముక్కలు. సమగ్ర దృష్టి. విమర్శనాత్మక అవగాహన. మూడోది కూడా ఉండాలి, పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు కూడా ఉంది, బస్సు మెట్టు ఎక్కేసరికి ఎటు పోయిందో పోయింది. పోతే పోయింది. మిగిలిన రెండూ ఉండి మాత్రం ఏం ఉద్ధరిస్తాయి గనక? గంటలో యూనివర్సిటీలో సమావేశం. తను పాతికేళ్ళకు పైగా చెబుతున్న యూరప్ అధ్యయనాల మైనర్ కోర్సు ఉండాలో ఊడాలో ఇవాళ ఓటు వేసి తేలుస్తారు. పిల్లలు ఏ లా చదువో ఎకనామిక్సో చదువుకుంటూ పక్కన ఒక అర్ధ సంవత్సరం తీసుకునే చిన్న కోర్సు అది. చిన్నదే. అయినా తన బతుకంతా అందులోనే ఉంది. డీన్ విల్మా బ్రౌవర్ ఉత్తరాది మనిషి, మాట కత్తిరించినట్టు మాట్లాడుతుంది. "ఫీనా గారూ, చరిత్ర వద్దు, జ్ఞాపకాలు వద్దు. ఈ కోర్సు లక్ష్యాలేమిటి? అది చేసిన పిల్లకి చెయ్యని పిల్లకంటే ఏం ఎక్కువ తెలుస్తుంది? ఐదు నిమిషాల్లో చెప్పండి చాలు." చాలట. అడిగినావిడ తప్పు లేదు. ఇన్నేళ్ళు చెప్పిన మనిషికి సమాధానం నోటికి రాకపోవడమే విడ్డూరం.

బస్సు కదిలే ముందు యోస్ట్ ఫోన్ చేశాడు. తన దగ్గరే చదివి, తన దగ్గరే ఉద్యోగంలో చేరిన కుర్రవాడు, ఇప్పుడు కుర్రవాడేమిటిలే, ఇద్దరు పిల్లల తండ్రి. "ఆ మూడు మాటలూ గుర్తున్నాయా మేడమ్? వాటినే తిప్పి తిప్పి చెప్పండి, కథల్లోకి దిగకండి, దిగారంటే ఇక తేలరు," అన్నాడు. దిగనులే అంది. "ఇంకోటి, రేపు మీ పుట్టినరోజు కదా, రేపు ఎలాగూ మీరు రారు, అందుకని ఇవాళ సమావేశంలోనే కేకు బదులు ఫ్లాయ్ కోద్దాం. చెర్రీది చెప్పాను, మన గుల్పెన్ బేకరీలో." ఫీనా అప్పుడు ఆ మూడో ముక్క కోసం వెతుక్కుంటోంది. "సరేలే నాయనా," అనేసింది. ఫోన్ పెట్టేసి సంచిలో గొడుగు ఉందో లేదో మళ్ళీ తడిమి చూసుకుంది.

వెనక్కి తిరిగి చూడక్కర్లేదు, ఆ మలుపు దాటితే సరిహద్దు. ఇప్పుడు అక్కడ ఏమీ లేదు, ఒక దిమ్మ, దాని పక్కన పూలు అమ్మే కొట్టు. ఒకప్పుడు నాన్న నిలబడిన కస్టమ్స్ గది ఆ కొట్టే. ఎర్ర తెల్ల చారల అడ్డకర్ర, గొళ్ళెం తీసే చప్పుడు, తీరా తీశాక నాన్న గొంతు సవరించుకోవడం. అమ్మ అటువైపు ఆఖెన్ పిల్ల, జర్మన్. రోజూ సైకిల్ మీద ఇటొచ్చి కోట్లు కుట్టే దుకాణంలో పని చేసేది. నాన్న రోజూ ఆపి బుట్ట వెతికేవాడు. బుట్టలో రొట్టె తప్ప ఏనాడూ మరొకటి లేదు. తోటి ఉద్యోగి అడిగాడట, ఒరే పీట్, ఆ పిల్ల బుట్టలో ఏం దొరుకుతుందని రోజూ చూస్తావురా అని. దొరికేదాకా చూస్తానన్నాడట. దొరికిందే, అమ్మ దొరికింది. తర్వాతెప్పుడో సరిహద్దులు ఎత్తేశారు, అడ్డకర్ర తీసుకెళ్ళి మ్యూజియంలో పెట్టారు, నాన్నకి సరిగ్గా పింఛను వయసొచ్చింది. అయినా కారులో ఆఖెన్ వెళ్ళేటప్పుడు అక్కడికి రాగానే కాలు దానంతటదే బ్రేకు మీద పడేది. వెనక కార్లవాళ్ళు హారన్ కొట్టేవాళ్ళు. నాన్న అమ్మ వైపు తిరిగి, "ఏమైనా ఉందా?" అనేవాడు. అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే, "రొట్టె," అనేది. పోయేదాకా అంతే. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న ప్రేమ మాటలు ఇవి తప్ప ఫీనా చెవిన వేరే పడలేదు. ఎంత బాగుండేదో, తనకి ముప్ఫై దాటాక కూడా, ఆ కారు వెనక సీట్లో చిన్నపిల్లలా కిటికీ అద్దం మీద వేలితో బొమ్మలు గీస్తూ, ఆ ఒక్క మాట కోసం ఎదురుచూస్తూ.

లెమియర్స్, మామెలిస్, దిగేవాళ్ళు దిగుతున్నారు. సమగ్ర దృష్టి. అసలు ఆ మాట ఎవరు కనిపెట్టారో. కోర్సు మొదలుపెట్టిన కొత్తల్లో ఎవరూ లక్ష్యాలు అడగలేదు. మాస్ట్రిక్ట్‌లో యూరప్ దేశాలన్నీ కలిసే ఒప్పందం మీద సంతకాలైన వేడి ఇంకా చల్లారలేదు, ఊరంతా జెండాలే, గదిలో కుర్చీలు చాలక పిల్లలు కిటికీ గట్ల మీద కూర్చునేవాళ్ళు. గ్రీకులు, పోలండ్ వాళ్ళు, ఐర్లండ్ వాళ్ళు, ప్రతివాడికీ తన ఊరి వంటే వంట, తన అమ్మే అమ్మ. ఫీనా పెట్టిన నియమం ఒకటే, ప్రతివాళ్ళూ ఒక ఆదివారం సరిహద్దు అవతల ఎవరింట్లోనైనా భోజనం చేసి రావాలి, వచ్చి అక్కడ తాము చేసిన తప్పేమిటో క్లాసులో చెప్పాలి. తప్పు చెయ్యలేదంటే మళ్ళీ వెళ్ళాలి. ఎంత నవ్వులని ఆ సోమవారాల్లో. ఫిన్లాండ్ కుర్రాడు ఒకడు ఉండేవాడు, పొడుగ్గా, వాడి పక్కన నేపుల్స్ పిల్ల. ఒకసారి వచ్చి ఏడుపు మొహంతో, "మేడమ్, వాడికి నేనంటే అసహ్యం, నేను అరగంట మాట్లాడితే వాడు ఒక్క మాట అనలేదు," అంది. వాణ్ణి పిలిచి అడిగితే, "అంత బాగా మాట్లాడుతుంటే మధ్యలో ఎలా ఆపను మేడమ్, మర్యాద కాదు కదా," అన్నాడు. వాళ్ళ పెళ్ళికి ఫీనా వెళ్ళింది. తర్వాత్తర్వాత ఇంగ్లండ్ పిల్లలు రావడం మానేశారు, మిగిలినవాళ్ళు ఫోన్లలో తలలు దూర్చారు, కిటికీ గట్లు ఖాళీ అయ్యాయి, కుర్చీలు ఖాళీ అయ్యాయి. పోయిన ఏడు వచ్చినవాళ్ళు ఒక బల్ల చుట్టూ సరిపోయారు. అయినా ఆ ఆదివారం భోజనం నియమం మార్చలేదు. ఎందుకు మార్చలేదో యోస్ట్‌కి తెలియదు. నిజానికి ఎవరికీ చెప్పలేదు.

గుల్పెన్. యోస్ట్ చెప్పిన బేకరీ వెనక్కి పోయింది, అద్దాల వెనక వరసగా ఫ్లాయ్‌లు, పళ్ళెమంత వెడల్పు, పలచటి పిండి మీద పళ్ళ గుజ్జు, పైన అల్లిక. నాయనమ్మ చేసే ఫ్లాయ్ ముందు ఇవన్నీ దిగదుడుపే. చెర్రీ గింజలు తనే తలపిన్నుతో తీసేది, వేళ్ళు వారం రోజులు ఎర్రగా ఉండేవి. ఆ ఎర్ర వేళ్ళతోనే ఫీనా బుగ్గ గిల్లి, "ఏమే, సగం జర్మన్ పిల్లా," అనేది. ముద్దుగానే అనేది. ఫీనాకి అది తిట్టు అని చాలా కాలం తెలియలేదు.

మార్గ్రాటెన్ వచ్చింది, చెట్ల వెనక తెల్ల శిలువలు, వరస తర్వాత వరస. నాయనమ్మ ఏటా యుద్ధంలో పోయిన ఒక అమెరికా కుర్రవాడి సమాధికి పూలు తెచ్చేది, ముక్కూ మొహం తెలియని వాడు. తన తమ్ముడికి సమాధి లేదు కాబట్టి. ఆ తమ్ముణ్ణి యుద్ధంలో పనికని పట్టుకుపోయారు జర్మన్లు, తిరిగి రాలేదు, ఎక్కడ పోయాడో కూడా కబురు లేదు. ఆనాటి నుంచి నాయనమ్మ జర్మన్ల భాష నోట రానివ్వనని ఒట్టు పెట్టుకుంది. వాల్స్ యాసా ఆఖెన్ యాసా ఇంచుమించు ఒకటే కదా, వాళ్ళు మాట్లాడేదంతా ఆవిడకి అర్థమయ్యేది, అందుకని అటువాళ్ళు ఎదురైతే యాస కూడా మానేసి నోరే కట్టేసుకునేది. యుద్ధం అయ్యాక కాఫీ గింజలు లంగా కింద కట్టుకుని దొంగచాటుగా అటు తీసుకెళ్ళి అమ్మింది, అప్పుడు కూడా మాట లేదు, వేళ్ళు చూపించి బేరం ఆడేది. నాన్న అడ్డకర్ర దగ్గర నిలబడి, కన్నతల్లి లంగా గలగలలాడుతూ వస్తుంటే సరిగ్గా అప్పుడే చర్చి గడియారం వంక చూసి తన గడియారం సరిచేసుకునేవాడు. ఆవిడ వెళ్ళేదాకా సరిచేస్తూనే ఉండేవాడు. అటువంటి ఇంటికి అమ్మ కోడలిగా వచ్చింది.

ఫీనాకి తెలిసిందంతా తర్వాత తెలిసిందే, తను పుట్టక ముందు సంగతి, అయినా కళ్ళారా చూసినట్టే ఉంటుంది. పెళ్ళైన మొదటి చలికాలం, అమ్మ పుట్టినరోజు బుధవారం పడింది. బుధవారం ఎవరికి తీరిక? నాయనమ్మ ముందటి ఆదివారమే వచ్చేసింది, వెనక మేనత్తలు, చేతిలో చెర్రీ ఫ్లాయ్. ఆ ఫ్లాయ్ కోసం ఆవిడ ఎంత నలిగిందో తర్వాత మేనత్త చెప్పింది, రెండు రాత్రులు నిద్రపోలేదట, జర్మన్ పిల్లకి నా చేత్తో చెయ్యాలా అని, చివరికి, కొడుకు చేసుకున్నాడు కదా, పిల్ల ఏం చేసింది పాపం అని లేచి పిండి కలిపిందట. వచ్చి అందరూ కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. ఇక్కడి పద్ధతి ప్రకారం లేచి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఊపడం, నీ భార్య పుట్టినరోజుకి నీకు శుభాకాంక్షలు, నీ వదిన పుట్టినరోజుకి నీకు శుభాకాంక్షలు. అమ్మ దగ్గరికి వచ్చేసరికి అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, "వద్దు, దయచేసి ఇవాళ వద్దు," అంది. ఫ్లాయ్ కొయ్యలేదు. దాని మీద గుడ్డ కప్పి, వెనక తలుపు తీసి, బయట కిటికీ గట్టు మీద పెట్టి వచ్చింది. నాయనమ్మ లేచి కోటు తొడుక్కుంది. గురువారం వెనక సందులోంచి పోతూ చూసిందట, గుడ్డ ఎగిరిపోయి ఉంది, కాకులు తన ఫ్లాయ్‌ని పొడుచుకు తింటున్నాయి. అంతే. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఆ గడప తొక్కలేదు, ఆ కోడలితో మాట్లాడలేదు.

ఒకే వీధిలో రెండిళ్ళు. ఆ రెండిళ్ళ మధ్య ఏ తనిఖీ లేకుండా తిరిగిన సరుకు ఫీనా ఒక్కతే. "మీ అమ్మకి చెప్పు, దోసకాయలు పట్టుకెళ్ళమని." "మీ నాయనమ్మకి చెప్పు, థాంక్స్ అని." వీధికి అటూ ఇటూ ఇద్దరూ కిటికీలు తుడుస్తూ ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడుతూనే ఉండేది, అయినా చెప్పు అనేవాళ్ళు, చెప్పేది. అమ్మ పుట్టినరోజు మాట ఆ రోజు వచ్చేదాకా ఇంట్లో ఎత్తకూడదని నాన్న చెప్పి ఉంచాడు. ఆ గొడవ గుర్తొస్తుందని కాబోలు అనుకుంది ఫీనా. నాన్నకీ అంతకంటే తెలియదు. జన్మంతా పక్కవాళ్ళ సంచులు వెతికిన మనిషి, ఇంట్లో ఇద్దరాడవాళ్ళ మనసులో ఏముందో మాత్రం విప్పి చూపమనలేకపోయాడు. అయినా ఎంత తియ్యటి బాల్యం అది, రెండు వంటిళ్ళు, ఇద్దరి చేతి వంటా ఒక్కదానికే.

కాడియర్ దిగువ దారి. పంతొమ్మిదో ఏట ఆఖెన్‌లో చదువుకి చేరింది. ఉల్‌రికె అని స్నేహితురాలు. మర్నాడు దాని పుట్టినరోజు, మర్నాడు కలవడం కుదరదని క్యాంటీన్‌లో సూప్ తాగుతూ, "ఇవాళే చెప్పేస్తున్నానే, శుభాకాంక్షలు," అంది ఫీనా. ఉల్‌రికె చెంచా వదిలేసి దీని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "నోర్ముయ్యవే. నన్ను చంపుతావా ఏంటి? ముందే ఎవరన్నా చెబుతారా? ఆ రోజు దాకా బతికుంటానో లేదో ఎవరికి తెలుసు?" నవ్వుతూనే అంది, కానీ చెయ్యి చల్లగా ఉంది. ఫీనా సూప్ వదిలేసి బస్సెక్కేసింది. అమ్మ ఇస్త్రీ చేస్తోంది. అడిగితే ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టలేదు. "అప్పుడు నాకు నెల తప్పింది. ఎవరికీ చెప్పలేదింకా, బుధవారం చెబుదామనుకున్నాను. ఆదివారం వచ్చి ముందే అనేశారు, ఇంటిల్లిపాదీ, ఒకరి తర్వాత ఒకరు. మంగళవారం కడుపు పోయింది. ఫ్లాయ్ బుధవారం తిందామని బయట చలికి పెట్టాను, పాడవకుండా. ఎవరు తెస్తారు లోపలికి, నేను మంచం మీద ఉంటే?" మరి ఈ మాట నాయనమ్మకి ఎందుకు చెప్పలేదమ్మా అంటే, అమ్మ ఆశ్చర్యంగా చూసింది. "చెప్పేదేముంది, లోకంలో అందరికీ తెలిసిందే కదా. తెలిసీ అలా చేసిన మనిషికి ఏం చెప్పను?" ఫీనా వీధి దాటింది. నాయనమ్మ ఆపిల్ పళ్ళ చెక్కు తీస్తోంది. అంతా చెప్పింది, నిలబడే చెప్పింది. "మైలు దూరం కూడా లేదు కదే," అంది నాయనమ్మ. "అక్కడ అలా అనుకుంటారని నాకెలా తెలుస్తుంది? తెచ్చి పెట్టినదాన్ని కాకులకి వేస్తే అది మొహాన కొట్టినట్టేనని లోకంలో అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను." చెక్కు తీసిన ఆపిల్‌కే మళ్ళీ చెక్కు తీస్తోంది, తెల్లటి కండ రాలి ఒళ్ళో పడుతోంది, ఆ తర్వాత ఆవిడ —

"మేడమ్, ఆఖరి స్టాప్," అన్నాడు డ్రైవర్.

సమావేశం గదిలో అందరూ ఉన్నారు. బల్ల మధ్యలో చెర్రీ ఫ్లాయ్, పక్కన పళ్ళేలు, కత్తి. యోస్ట్ లేచి చెయ్యి చాచాడు. అతని వెనక మిగిలినవాళ్ళు లేచారు, నవ్వు మొహాలతో, కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు. విల్మా బ్రౌవర్ కూడా లేచింది, గడియారం చూసుకుంటూనే. "ఒక రోజు ముందైతేనేం..." అంటున్నాడు యోస్ట్. ఫీనా చేతులు రెండూ వెళ్ళి బల్ల మీద ఆనుకున్నాయి. తను ఆనించలేదు. రేపటితో అరవై నాలుగు నిండే మనిషి, అటువంటి నమ్మకాలు క్లాసులో నవ్వుతూ చెప్పిన మనిషి, పొద్దున ఫోన్‌లో సరేలే అన్న మనిషి. "వద్దు యోస్ట్. దయచేసి ఇవాళ వద్దు," అంది. ఫ్లాయ్ పళ్ళెం రెండు చేతులతో ఎత్తి, కిటికీ తీసి, బయట గట్టు మీద పెట్టింది. చలిగాలి లోపలికి వచ్చింది. వెనక్కి తిరిగేసరికి యోస్ట్ చాచిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. మొహం కందగడ్డలా అయింది. ఎవరో గొంతు సవరించుకున్నారు. విల్మా పెదవులు బిగించింది. నాయనమ్మ కోటు తొడుక్కుంటున్నప్పుడు మొహం ఎలా ఉండి ఉంటుందోనని ఫీనా ఇన్నేళ్ళు ఊహించుకుంది, ఇప్పుడు ఆరుగురి మీద ఒక్కసారే కనబడింది.

"కూర్చోండి," అంది. "కోపం వచ్చింది కదూ? రానివ్వండి. ఇప్పుడు మీరడిగిన లక్ష్యాలు చెబుతాను." సమగ్ర దృష్టీ రాలేదు, మూడో ముక్కా రాలేదు. ఆదివారం వచ్చింది, గుండ్రంగా వేసిన కుర్చీలు వచ్చాయి, కాకులు వచ్చాయి, ఇస్త్రీ పెట్టె, ఆపిల్ చెక్కు. యోస్ట్ మొదట తల పట్టుకున్నాడు, కథల్లోకి దిగారంటే తేలరని అన్నవాడు. తర్వాత చెయ్యి తీసేశాడు. "లోకంలో అందరికీ తెలిసిందే అని మనం అనుకునేది మైలు అవతల తెలియదు," అంది ఫీనా. "ఇద్దరు మంచివాళ్ళ మధ్య ఇరవై ఏళ్ళు పోవడానికి అది చాలు. అడగడం నేర్పిస్తాం మేము. ఫ్లాయ్ బయట ఎందుకు పెట్టావమ్మా అని అడగడం. అంతే మా కోర్సు. దానికి ఇంతకంటే పెద్ద లక్ష్యం నాకు తెలియదు, ఉందని మీకు అబద్ధం చెప్పలేను." ఐదు నిమిషాలు ఎప్పుడో దాటి ఉంటాయి. కూర్చుని గొడుగు సంచిలో సర్దుకుంది, ఎందుకో తెలియదు, అది అక్కడే ఉంది.

విల్మా బ్రౌవర్ గడియారం చూడలేదు. ఆవిడ కిటికీ వైపు చూస్తోంది. "మీ నాయనమ్మ," అంది, "వెళ్ళిందా మరి?"

వెళ్ళింది. ఆ ఏడు చలికాలంలో, అమ్మ పుట్టినరోజు నాడు కాదు, పొరపాటున కూడా ముందు కాదు, అయిపోయిన మర్నాడు పొద్దున్నే. చేతిలో చెర్రీ ఫ్లాయ్. అమ్మ తలుపు తీసింది. గడప బయటే నిలబడి, యుద్ధం నాటి నుంచి నోట పలకని ఆ భాషలో, తమ్ముణ్ణి మింగిన ఆ భాషలో, మొదటిసారి కోడలిని అడిగింది, "అయిపోయిందా అమ్మాయ్? ఇప్పుడు చెప్పొచ్చా?"